నీళ్లలో నడిచిన కారు ఇంజిన్ దెబ్బతిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన తర్వాత, విజయవాడలో 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగిన తర్వాత గ్యారేజీల ముందు బురద కొట్టుకుపోయిన కార్లు బారులు తీరాయి. వాటి యజమానులందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. పెట్రోల్, డీజిల్ ఇంజిన్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. కారు ఇప్పుడే నీళ్లలో ఆగిపోయి మీరు ఫోన్‌లో ఇది చదువుతుంటే, మొదటి మూడు జవాబులు చదివితే చాలు. మిగతావి ఇంటికి చేరాక చూసుకోవచ్చు.

నీళ్లలో కారు ఆగిపోయింది. మొట్టమొదట ఏం చేయాలి?

మళ్లీ స్టార్ట్ చేయకండి. తాళం తిప్పకండి, బటన్ నొక్కకండి. నీళ్లు పెరగడం లేదంటే ఇగ్నిషన్ పూర్తిగా ఆఫ్ చేయండి.

నీళ్లు పెరుగుతుంటే కారు సంగతి పక్కన పెట్టండి. పవర్ విండో పనిచేస్తుండగానే అద్దం దించి, పిల్లల్ని, పెద్దవాళ్లని బయటికి తీసుకురండి. నీటి ఒత్తిడికి తలుపులు తెరుచుకోవు, వైరింగ్ తడిస్తే అద్దాలు కూడా దిగవు.

ప్రమాదం లేదనిపిస్తే కారును న్యూట్రల్‌లో పెట్టి, నలుగురి సాయంతో పొడి నేల మీదికి తోయించండి. అక్కడికి చేరాక బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. కారు మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో కనిపించేలా, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. తర్వాత మెకానిక్‌కీ, ఇన్సూరెన్స్ సర్వేయర్‌కీ ఆ ఫొటోలే ముఖ్యమైన ఆధారం.

ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూస్తే ఏమవుతుంది?

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఆ ఒక్కసారే. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను. ఇది అర్థమైతే తర్వాత చేసే పరీక్షలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

పిస్టన్ పైకి వచ్చేటప్పుడు సిలిండర్‌లోని గాలిని నొక్కుతుంది. గాలి కుంచించుకుపోతుంది, నీరు కుంచించుకోదు. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక మిగిలే చోటు మనం అనుకునేదానికంటే చాలా చిన్నది. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ తీసుకోండి. ఒక్కో సిలిండర్‌కు 300 సీసీ వస్తుంది. కంప్రెషన్ నిష్పత్తి 11 అయితే, అంటే లోపలి చోటు పదకొండో వంతుకు తగ్గితే, పైన మిగిలే ఖాళీ 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లు. ఒక సిలిండర్‌లో అంతకంటే ఎక్కువ నీరు ఉందంటే పిస్టన్ పైదాకా రాలేదు. కానీ పిస్టన్లను పైకీ కిందికీ నడిపే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, తిరగాలని చూస్తుంది. ఈ రెంటినీ కలిపే కనెక్టింగ్ రాడ్ ఆ బలమంతా భరించలేక వంగిపోతుంది. దీన్నే గ్యారేజీల్లో హైడ్రోలాక్ అంటారు.

నీరు 30 మిల్లీలీటర్లకంటే తక్కువే ఉన్నా ప్రమాదం తప్పిందని కాదు. గాలికి మిగిలే చోటు తగ్గిపోయి ఒత్తిడి మామూలుకంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. రాడ్ కొద్దిగా వంగుతుంది, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ‘ఏం కాలేదు, స్టార్ట్ అయిపోయింది’ అని మనం ఊపిరి పీల్చుకునేది ఇలాంటప్పుడే.

కాబట్టి స్టార్ట్ చేసి చూడటం పరీక్ష కాదు. అది ఉన్న నష్టాన్ని చెప్పదు, లేని నష్టాన్ని తెచ్చిపెడుతుంది.

సెల్ఫ్ కొట్టను సరే, నెట్టి స్టార్ట్ చేయొచ్చా?

వద్దు. మన దగ్గర రోడ్డు పక్కన సాయానికి వచ్చేవాళ్లు ముందుగా ఇచ్చే సలహా ఇదే: ‘సెకండ్ గేర్‌లో వేసి క్లచ్ వదిలేయండి సార్, మేం తోస్తాం’. వాళ్ల మనసు మంచిదే, కానీ చక్రాల ద్వారా క్రాంక్ తిరిగినా నీటిని నొక్కేది ఆ పిస్టనే. పైగా కదులుతున్న కారు బరువంతా దాని వెనకాల ఉంటుంది. సెల్ఫ్ మోటార్‌కి ఇంజిన్‌ను తిప్పే బలం చాలక ఆగిపోయే అవకాశమైనా ఉంది, టన్ను బరువున్న కారు అలా ఆగదు.

లాగించేటప్పుడూ ఇదే జాగ్రత్త. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఆటోమేటిక్ కారైతే నాలుగు చక్రాలూ నేలకి తగలకుండా ఫ్లాట్ బెడ్ వాహనం మీద ఎక్కించమనండి.

నీరు ఇంజిన్‌లోకి ఎటు నుంచి వెళ్తుంది? ఎంత లోతు ప్రమాదం?

చాలావరకు గాలి పీల్చే గొట్టం నుంచే. ఎక్కువ కార్లలో దాని నోరు హెడ్‌లైట్ వెనకో, ముందు గ్రిల్ పై అంచునో ఉంటుంది. మీ కారు బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఆ గొట్టాన్ని వెతుక్కుంటూ ముందుకు వెళ్తే నోరు ఎక్కడుందో కనబడుతుంది. నేల నుంచి దాని ఎత్తును టేపుతో కొలిచి పెట్టుకోండి. వానాకాలం మొదలవకముందే చేయాల్సిన పని ఇది.

నిలబడి ఉన్న నీటి లోతు ఒకటి, కదిలే నీటి లోతు ఒకటి. మీరు వేగంగా వెళ్తే బంపర్ ముందు అల లేస్తుంది. ఎదురుగా బస్సో లారీయో వస్తే ఇంకో అల వచ్చి బానెట్ మీద పడుతుంది. మోకాలి లోతు నీళ్లలో ఆగిపోయే కార్లలో చాలా వాటికి కారణం ఈ అలలే. హైదరాబాద్‌లోని లింగంపల్లి, మలక్‌పేట రైల్వే వంతెనల కిందలాంటి పల్లపు చోట్ల ఇంకో చిక్కుంది. దిగేటప్పుడు తక్కువగా కనబడే నీరు మధ్యకి వెళ్లేసరికి ఒక్కసారిగా లోతవుతుంది.

కొన్ని బండ్లకు కంపెనీయే ఎంత లోతు వరకు దాటొచ్చో చెప్తుంది. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు 650 మిల్లీమీటర్లు అని ప్రకటించారు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు అందులో సగం కూడా ఎక్కువే అనుకోండి.

పార్కింగ్‌లో ఉండగా మునిగింది, అసలు నడపలేదు. అప్పుడూ ఇంజిన్ పోతుందా?

ఇది నిజంగా వేరే కేసు. విజయవాడ సింగ్‌నగర్‌లోని చాలా కార్లది ఇదే పరిస్థితి. ఇంటి ముందు నిలిపిన కారు నిలిపినట్టే రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది.

ఆగి ఉన్న ఇంజిన్ నీటిని పీల్చుకోదు, కాబట్టి రాడ్ వంగదు. కానీ నీరు మెల్లగా గాలి పీల్చే ఇన్‌టేక్ గొట్టం నుంచీ, సైలెన్సర్ గొట్టం నుంచీ, ఆయిల్ గేజ్ పక్క సందుల నుంచీ లోపలికి చేరుతుంది. తెరిచి ఉన్న వాల్వుల గుండా సిలిండర్లలోకి దిగుతుంది. ఇక్కడ శత్రువు తుప్పు. సిలిండర్ గోడలు, పిస్టన్ రింగులు, బేరింగులు రోజుల్లోనే పాడవుతాయి. అందుకే నడుస్తూ ఆగిపోయిన కారుకి ‘రాడ్ వంగిందా’ అన్నది ముఖ్యమైన ప్రశ్న అయితే, మునిగి ఉన్న కారుకి ‘ఎన్ని రోజులైంది, ఎంత త్వరగా నీరు తీయగలం’ అన్నది ముఖ్యం.

ఇలాంటి కారు నిజానికి అదృష్టం చేసుకున్నట్టే, ఎవరూ స్టార్ట్ చేయకపోతే. నీళ్లు తగ్గగానే ఆత్రంగా సెల్ఫ్ కొడితే మాత్రం అప్పటిదాకా బాగున్న రాడ్లూ వంగిపోతాయి.

మెకానిక్ వచ్చేలోగా నేను చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, పెద్దగా పనిముట్లు కూడా అక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి చూడండి. ఫిల్టర్ పొడిగా, దుమ్ముతో ఉంటే నీరు అటువైపు వెళ్లలేదన్నమాట. అది చాలా మంచి వార్త. కింది భాగం మాత్రమే తడిగా ఉండి పైభాగం పొడిగా ఉంటే అనుమానం. ఫిల్టర్ మొత్తం నాని, మడతల్లో మట్టి పేరుకుని ఉంటే నీరు ఇంజిన్‌లోకి వెళ్లిందనే అనుకుని ముందుకు సాగండి. డబ్బా అవతలి గొట్టంలో, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే త్రాటిల్ దగ్గర వేలు పెట్టి చూడండి. అక్కడ తడి ఉందంటే ఇక సందేహం లేదు.

ఈ పని చేసేటప్పుడు కూడా ఫొటోలు తీయండి. తడిసిన ఫిల్టర్‌ను పారేయకండి, కవర్లో పెట్టి ఉంచండి.

డిప్‌స్టిక్ మీద ఏం చూడాలి?

డిప్‌స్టిక్ అంటే ఆయిల్ మట్టం చూసే గేజ్ కడ్డీ. దాని మీద చూడాల్సినవి రెండు విషయాలు: మట్టం, రంగు. ఆయిల్ మట్టం పై గీత దాటి ఉంటే ఆయిల్ చాంబర్‌లో నీరు చేరింది. నీరు ఆయిల్ కంటే బరువు కనుక అడుగుకు దిగి ఆయిల్‌ను పైకి నెడుతుంది. ఇంజిన్ తిరగకపోతే రెండూ కలవవు, కాబట్టి రంగు మామూలుగానే ఉండొచ్చు. మట్టం మాత్రమే పెరుగుతుంది. ఇంజిన్ కొంతసేపు తిరిగి ఉంటే ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకి మారి చిక్కగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్‌కూ, కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) పోయినా ఆయిల్ ఇలాగే తెల్లబడుతుంది. కానీ అప్పుడు ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గుతుంది. కూలెంట్ డబ్బాలో మట్టం సరిగ్గా ఉండి ఆయిల్ మాత్రమే తెల్లబడితే అది బయటి నీరే. ఆయిల్ పోసే మూత లోపల కొద్దిగా తెల్లటి నురగ మాత్రమే ఉండి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే కంగారు పడక్కర్లేదు. చిన్న చిన్న దూరాలు తిరిగే కార్లకు చలికాలంలో ఆవిరి వల్ల అలా వస్తుంది.

అనుమానం తీరకపోతే చాంబర్ బోల్టు మెల్లగా వదులు చేయమనండి. నీరు ఉంటే ఆయిల్ కంటే ముందు అదే వస్తుంది.

గ్యారేజీలో పని ఏ వరుసలో జరగాలి?

వరుస తప్పితే మంచి మెకానిక్ చేతిలో కూడా ఇంజిన్ పాడవుతుంది. కాబట్టి మీరు దగ్గరుండి ఈ వరుస అడగండి.

ముందు పాత ఆయిల్, ఫిల్టర్ తీసేయాలి. ఇన్‌టేక్ గొట్టాలన్నీ విప్పి నీరు వంపాలి. తర్వాత స్పార్క్ ప్లగ్గులు అన్నీ తీయాలి, ఒక్కటి కూడా మిగల్చకూడదు. తీసిన ప్లగ్గులను ఏ సిలిండర్‌వి ఆ వరుసలోనే పెట్టాలి. ఏ ప్లగ్గు తడిగా ఉందో, ఏది మట్టిగా ఉందో చూస్తే నీరు ఏ సిలిండర్‌లోకి వెళ్లిందో అప్పుడే సగం తెలిసిపోతుంది.

తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పాలి, సెల్ఫ్‌తో కాదు. రెండు పూర్తి చుట్లు సాఫీగా తిరగాలి. ఒకచోట గట్టిగా ఆగిందంటే అక్కడ బలం ఉపయోగించకూడదు. లోపల ఏదో అడ్డం ఉంది, లేదా తుప్పు పట్టి సీజ్ అయింది. సీజ్ అయితే సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి ఒక రోజు నాననివ్వాలి.

చేత్తో బాగా తిరిగితేనే, ఇంధనం, కాయిల్ కనెక్షన్లు తీసేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్ రంధ్రాల నుంచి మిగిలిన నీరు చిమ్ముతూ బయటికి వస్తుంది, ముఖం దూరంగా పెట్టుకోవాలి. నీరు ఆగాక ప్రతి సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ తిప్పితే గోడలు తుప్పు పట్టవు.

ఇది కష్టమైన పని కాదు. అనుభవం ఉన్న మెకానిక్‌కు పూట పని. ఈ పూట పనిని తప్పించుకోవాలని చూసి ఇంజిన్ మొత్తం పోగొట్టుకున్నవాళ్లను చూస్తే మనసు బాధపడుతుంది.

డీజిల్ కారుకి తేడా ఏమిటి?

డీజిల్ ఇంజిన్ మరింత సున్నితం. కంప్రెషన్ నిష్పత్తి ఎక్కువ కనుక పైన మిగిలే ఖాళీ ఇంకా తక్కువ. 1500 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు నిష్పత్తి 16 అనుకుంటే ఆ ఖాళీ 25 మిల్లీలీటర్లే. పైగా పెట్రోల్ ఇంజిన్‌లో ప్లగ్గు తడిస్తే స్పార్క్ రాక ఆగిపోతుంది. డీజిల్‌కు స్పార్క్ అవసరమే లేదు, నీరు లోపలికి పోతున్నా చివరిదాకా తిరుగుతుంది.

నీరు తీయడానికి స్పార్క్ ప్లగ్గులకు బదులు హీటర్ ప్లగ్గులో, నాజిళ్లో విప్పాలి. ఇవి పాత కార్లలో బిగుసుకుపోయి విరిగే ప్రమాదం ఉంది, ఓపిగ్గా తీసేవాళ్లకే ఇవ్వండి. టర్బో ఉన్న కార్లలో ఇంటర్‌కూలర్‌ను మర్చిపోతుంటారు. ముందు బంపర్ వెనకాల పల్లంగా ఉండే ఆ డబ్బాలో నీరు నిలిచిపోతుంది. సిలిండర్లు శుభ్రం చేసి, ఇంటర్‌కూలర్ విప్పకుండా స్టార్ట్ చేస్తే యాక్సిలరేటర్ నొక్కగానే ఆ నీరంతా మళ్లీ ఇంజిన్‌లోకే వస్తుంది. ఇంధన ఫిల్టర్ అడుగున ఉన్న నీటిని కూడా వదిలేయాలి.

నీరు తీశారు, స్టార్ట్ అయింది, బాగానే నడుస్తోంది. ఇక సమస్య లేనట్టేనా?

అప్పుడే చెప్పలేం. కొద్దిగా వంగిన రాడ్‌తో ఇంజిన్ వారాలు, నెలలు నడవగలదు. తిరిగిన ప్రతిసారీ ఆ వంపు దగ్గర లోహం అలసిపోతూ ఉంటుంది. ఒకరోజు హైవే మీద రాడ్ విరిగి, బ్లాక్ గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అప్పుడు రిపేరుకి ఏమీ మిగలదు. ఆ వేగంలో ఇంజిన్ ఒక్కసారిగా పట్టేస్తే లోపలున్న మనుషులకూ ప్రమాదమే. అందుకే నడుస్తూ ఆగిపోయిన కారుకు కంప్రెషన్ పరీక్ష చేయించకుండా బిల్లు కట్టి ఇంటికి తెచ్చుకోవద్దని నేను గట్టిగా చెప్తాను.

కంప్రెషన్ పరీక్ష రీడింగులను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్లగ్గులన్నీ తీసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీతో, ఒక్కో సిలిండర్‌కు గేజ్ బిగించి నాలుగైదు సార్లు కంప్రెషన్ వచ్చేదాకా సెల్ఫ్ కొడతారు. ఆరోగ్యంగా ఉన్న చాలా పెట్రోల్ ఇంజిన్లలో 150 నుంచి 200 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మధ్య వస్తుంది. డీజిల్‌లో దానికి రెట్టింపు పైనే ఉంటుంది. అసలు అంకె మోడల్‌ను బట్టి మారుతుంది. మీరు చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. మిగతా మూడూ దగ్గరదగ్గరగా ఉండి ఒకటి 10 నుంచి 15 శాతం తగ్గిందంటే దాని మీద దృష్టి పెట్టాలి.

ఎందుకంత పట్టింపు అంటే, లెక్క చూడండి. పైన చెప్పిన 1200 సీసీ ఇంజిన్‌లో పిస్టన్ వెడల్పు 73 మిల్లీమీటర్లు అనుకుందాం. రాడ్ వంగి 1 మిల్లీమీటరు పొట్టిబడితే పైన ఖాళీ సుమారు 4 మిల్లీలీటర్లు పెరుగుతుంది. నిష్పత్తి 11 నుంచి 9.8కి పడిపోతుంది. 180 పీఎస్ఐ రావాల్సిన చోట 155 దగ్గర వస్తుంది. అంటే కంటికి కనిపించని ఒక్క మిల్లీమీటరు గేజ్ మీద స్పష్టంగా తెలుస్తుంది.

కంప్రెషన్ తగ్గడానికి రింగులు, వాల్వులు కూడా కారణం కావచ్చు. వాటిని వేరు చేయడానికి లీక్‌డౌన్ పరీక్ష ఉంది. పిస్టన్‌ను పైన నిలిపి సిలిండర్‌లోకి గాలి ఎక్కించి, ఎంత లీకవుతోందో చూస్తారు. రింగుల్లోంచి పోతే ఆయిల్ మూత దగ్గర గాలి శబ్దం వస్తుంది, వాల్వుల్లోంచి పోతే ఇన్‌టేక్‌లోనో సైలెన్సర్‌లోనో వినిపిస్తుంది. ఎక్కడా లీకు లేదు, కానీ కంప్రెషన్ తక్కువ అంటే రాడ్ పొట్టిబడిందని బలమైన సూచన. నీళ్లలో నడిచిన ఇంజిన్ విషయంలో ఇంతకంటే నమ్మకమైన జంట పరీక్ష, హెడ్ దించకుండా, ఇంకోటి లేదు.

లీక్‌డౌన్ పరికరం లేని గ్యారేజీలో, సిలిండర్‌లో కాస్త ఆయిల్ వేసి మళ్లీ కంప్రెషన్ చూడొచ్చు. అంకె బాగా పెరిగితే రింగుల లోపం. పెరగకపోతే వాల్వో, రాడ్డో.

హెడ్ దించకుండా రాడ్ వంగిందని కంటితో చూసే దారి ఉందా?

ఉంది. ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా పంపి సిలిండర్ గోడ చూస్తారు. పిస్టన్ ఎంత పైకి వస్తుందో అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న మసి గీత ఉంటుంది. ఇప్పుడు పిస్టన్ ఆ గీత దాకా రాకుండా కిందే ఆగుతుంటే రాడ్ పొట్టిబడినట్టే. ప్లగ్ రంధ్రం నిటారుగా ఉన్న ఇంజిన్లలో ఇంకో సులువైన పద్ధతి ఉంది. ఒక సన్నని చెక్కపుల్లను పిస్టన్ మీద ఆనించి, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు పుల్ల మీద గుర్తు పెడతారు. నాలుగు సిలిండర్లకూ గుర్తు ఒకే చోట పడాలి. లోహపు కడ్డీ మాత్రం వాడనివ్వకండి, గీతలు పడతాయి.

ఎలాంటి శబ్దం వస్తే భయపడాలి?

ఐడిల్‌లో లయగా టక్ టక్ మని కింద నుంచి వచ్చే బరువైన శబ్దం. రేజ్ చేస్తే దాని వేగమూ పెరుగుతుంది. బాగా పొట్టిబడిన రాడ్ ఉన్నప్పుడు పిస్టన్ కిందికి వచ్చినప్పుడల్లా దాని అంచు క్రాంక్‌కు తగిలి ఇలా కొడుతుంది. ఆ క్షణమే ఆపేయాలి. దానికి తోడు ఐడిల్‌లో కారంతా వణకడం, ఒక సిలిండర్ మిస్ కొట్టడం, ముందెప్పుడూ లేనంతగా ఆయిల్ తాగడం కూడా ఇదే వైపు చూపిస్తాయి.

బెల్టు తడిసి వచ్చే కీచు శబ్దం, బ్రేకులు బరబరలాడటం వేరు. అవి ఆరితే పోతాయి.

స్కానర్ పెడితే తెలిసిపోదా?

కొంతవరకే. ఏ సిలిండర్ మిస్ కొడుతోందో, ఏ సెన్సార్ తడిసిందో ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం) చెప్తుంది. మిస్సింగ్‌కు పీ0300, ఒకటో సిలిండర్‌కు పీ0301, రెండోదానికి పీ0302, ఇలా కోడ్లు వస్తాయి. కానీ రాడ్ పొడవు కొలిచే సెన్సార్ ఏ కారులోనూ లేదు. ‘కోడ్లేమీ లేవు, ఇంజిన్ ఓకే’ అని ఎవరైనా అంటే కంప్రెషన్ కాగితం అడగండి.

ఇంజిన్ బాగానే ఉందని తేలింది. ఇంకేం చూడాలి?

గేర్‌బాక్స్ ఆయిల్. ఇది చాలామంది వదిలేస్తారు. గేర్‌బాక్స్ పైన గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ నీళ్లలో దిగి చల్లబడగానే ఆ రంధ్రం గుండా నీటిని లోపలికి లాక్కుంటుంది. ఆటోమేటిక్‌లో కొద్దిపాటి నీరు కూడా క్లచ్ ప్లేట్లను పాడుచేస్తుంది.

మిగతావి: సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్, వీల్ బేరింగులు, బ్రేక్ ఫ్లూయిడ్, రేడియేటర్ రెక్కల మధ్య బురద. నీరు సీట్ల దాకా వచ్చి ఉంటే కార్పెట్ తీసి ఆరబెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేర్ లివర్ దగ్గర కిందే ఉంటుంది కాబట్టి ఆ హెచ్చరిక దీపం వెలిగితే తేలిగ్గా తీసుకోకండి.

ఆయిల్ ఒకసారి మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. మొదట నీరు కలిసిన ఆయిల్ తీసి, చవకైన కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి ఇంజిన్‌ను వేడెక్కేదాకా ఐడిల్‌లో నడపాలి. దాన్ని తీసి చూస్తే ఇంకా తెల్లగానే ఉండొచ్చు. అలాగైతే మళ్లీ మార్చాలి. శుభ్రంగా వచ్చేదాకా ఇదే పని. ఆ తర్వాతే కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ పోసుకోండి. అప్పుడు కూడా కొన్ని వందల కిలోమీటర్లకే ఒకసారి డిప్‌స్టిక్ చూడటం మంచిది.

రాడ్ వంగిందని తేలింది. రిపేరు చేయించాలా, ఇంజిన్ మార్చాలా?

హెడ్, చాంబర్ దించి చూశాకే నిర్ణయించాలి. ఒక్క రాడ్ మాత్రమే వంగి, బోర్ (సిలిండర్ లోపలి గోడ) మీద గీతలు లేకుండా, క్రాంక్ సరిగ్గా ఉంటే రాడ్లు, బేరింగులు, రింగులు, గాస్కెట్ సెట్ మార్చి ఇంజిన్‌ను నిలబెట్టవచ్చు. వంగిన రాడ్‌ను సరిచేసి మళ్లీ వేయడానికి ఒప్పుకోకండి, చవకగా చేస్తామన్నా సరే. ఒకసారి వంగిన లోహం మళ్లీ అక్కడే వంగుతుంది లేదా విరుగుతుంది. మిగతా రాడ్లను కూడా కొలిపించండి.

బ్లాక్ పగిలినా, క్రాంక్ వంగినా షార్ట్ బ్లాక్ (హెడ్ లేని ఇంజిన్ కింది భాగం) లేదా మొత్తం ఇంజిన్ మార్పే దారి. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేయిస్తే ఇంజిన్ నంబర్ మారుతుంది. ఆర్సీలో మార్పించుకోవాలి, ఆ ఇంజిన్‌కు బిల్లు ఉండాలి.

ఇన్సూరెన్స్ డబ్బులిస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఇవ్వదు. కాంప్రహెన్సివ్ పాలసీలో వరద నష్టం కవర్ అవుతుంది. కానీ ఇంజిన్ దగ్గరే పేచీ వస్తుంది. నీళ్లలో ఆగాక సెల్ఫ్ కొట్టడం వల్ల రాడ్ వంగితే, అది వరద వల్ల నేరుగా జరిగిన నష్టం కాదని, తర్వాతి చర్య వల్ల వచ్చిందని కంపెనీలు క్లెయిమ్ తిరస్కరిస్తాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ దీనికోసమే. దాని షరతులు కంపెనీని బట్టి మారతాయి, పాలసీ కాగితం చదవండి.

చేయాల్సింది ఇది: ఫొటోలు తీయగానే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. సర్వేయర్ చూడకముందు ఇంజిన్ విప్పించకండి. అయితే సర్వేయర్ రావడం ఆలస్యమైతే తుప్పు ఆగదు కదా. అప్పుడు నీరు తీసి ఆయిల్ మార్చడానికి అనుమతి ఇవ్వమని ఈమెయిల్ రాయండి, జవాబు దాచుకోండి. బయటికి తీయడం, రిపేరు చేయడం కలిపి ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటితే కారును టోటల్ లాస్‌గా లెక్కిస్తారు. రిపేరు క్లెయిమ్‌లో రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీల మీద 50 శాతం తరుగుదల కోస్తారు, జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్ ఉంటే ఈ కోతలో చాలా భాగం తప్పుతుంది.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు ఉండదు. కంప్రెషన్ రీడింగులు, ఫిల్టర్ ఫొటోలు, సర్వేయర్‌తో జరిగిన ఈమెయిళ్లు అక్కడ పనికొస్తాయి.

హైబ్రిడ్, ఆటో స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో ప్రత్యేక జాగ్రత్త ఉందా?

ఉంది. ఈ కార్లలో ఇంజిన్ దానంతట అదే ఆగి, దానంతట అదే స్టార్ట్ అవుతుంది. నీళ్లలో ట్రాఫిక్ ఆగినప్పుడు ఇది జరిగితే మన చేతిలో ఉండదు. నీటిలో దిగకముందే స్టార్ట్-స్టాప్ బటన్ ఆఫ్ చేయండి. హైబ్రిడ్ అయితే లోతు నీళ్లలోకి అసలు దిగకండి. ఆగిపోయిన హైబ్రిడ్‌లో హై వోల్టేజ్ కరెంటు మోసే నారింజ రంగు వైర్లను కంపెనీ శిక్షణ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నాను. నీళ్లలో మునిగిందో లేదో ఎలా పసిగట్టాలి?

పెద్ద వరద వచ్చిన కొన్ని నెలలకు అలాంటి కార్లు కడిగి, పాలిష్ పట్టి మార్కెట్‌లోకి వస్తాయి. వేరే జిల్లాలకు, వేరే రాష్ట్రాలకు కూడా వెళ్తాయి. సీటు పట్టాల కింది బోల్టులకు తుప్పు, సీటు బెల్టు చివరిదాకా లాగితే కనిపించే మట్టి గీత, స్టెప్నీ గుంతలో బురద, హెడ్‌లైట్ లోపల నీటి మరక, ఇవన్నీ చూడండి. పాత కారులో కార్పెట్ మాత్రమే కొత్తగా ఉంటే ఎందుకని అడగండి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర, సర్వీస్ రికార్డు అడిగి తీసుకోండి. ఇంజిన్ పని జరిగినట్టు కనిపిస్తే, డబ్బు కట్టేముందు మీ మెకానిక్‌తో నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ చూపించుకోండి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేసి ఇంకోటి చూసుకోండి.